పాత మాన్యువల్ లెన్స్‌లలో ఏది కొనాలి? తిరుపతి ఎండకు, వానకు, జాతరకు సరిపోయే ఎంపిక

ఫిల్మ్ రోజుల్లో నడిచిన ఫోటో స్టూడియోలు ఏ ఊళ్లోనైనా డిజిటల్‌కు మారినప్పుడు కెమెరాలను తూకానికి ఇచ్చేసి ఉండవచ్చు కానీ, లెన్స్‌లను మాత్రం అంత తేలికగా వదులుకోలేదు. తిరుపతిలోనూ, చిత్తూరులోనూ పాత స్టూడియోల బీరువాల్లో అవి ఇంకా దొరుకుతున్నాయి. చెన్నై పక్కనే కాబట్టి అక్కడి సెకండ్‌హ్యాండ్ దుకాణాల నుంచీ వస్తున్నాయి. ఆన్‌లైన్‌లోనైతే రష్యా, జపాన్ లెన్స్‌లకు కొదవ లేదు. ఇక్కడి ఔత్సాహికులు ఎక్కువగా అడిగేది ఒకే ప్రశ్న: హీలియోస్ కొనాలా, టకుమార్ కొనాలా, నిక్కార్ కొనాలా?

ఆ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పడం కుదరదు. లెన్స్ పేరు కంటే ముందు తేల్చుకోవలసినవి మూడున్నాయి: మీ చేతిలో ఉన్న కెమెరా ఏది, మీరు ఏం తీస్తారు, దొరికిన లెన్స్ ఏ స్థితిలో ఉంది. పేరు నాలుగో స్థానంలో వస్తుంది. చాలామంది దాన్ని మొదటి స్థానంలో పెట్టుకుని చిక్కుల్లో పడుతున్నారు.

ముందు మౌంటు సంగతి

ప్రతి కెమెరాలోనూ లెన్స్ బిగించే చోటు, అంటే మౌంటు నుంచి సెన్సర్ దాకా ఒక నిర్ణీత దూరం ఉంటుంది. పాత లెన్స్ తన సొంత కెమెరాలో ఎంత దూరం కోసం తయారైందో, కొత్త కెమెరాలో అంతకంటే తక్కువ దూరం ఉంటే మిగిలిన ఖాళీని ఎడాప్టర్ నింపుతుంది. కొత్త కెమెరాలోనే దూరం ఎక్కువైతే లెన్స్ దూరపు వస్తువుల మీద ఫోకస్ కాదు, అంటే ఇన్ఫినిటీ రాదు. దాన్ని సరిచేయడానికి గాజు ఉన్న ఎడాప్టర్లు ఉన్నాయి. చౌకగా దొరికే ఆ గాజు, మీరు ముచ్చటపడి కొన్న లెన్స్ గుణాన్ని చెడగొడుతుంది. ఆ దారి వద్దనే చెబుతాను.

| పాత మౌంటు | దూరం (మి.మీ.) | కానన్ ఈఎఫ్ డీఎస్ఎల్ఆర్ (44) | నికాన్ ఎఫ్ డీఎస్ఎల్ఆర్ (46.5) | మిర్రర్‌లెస్ (16 నుంచి 20) |
|---|---|---|---|---|
| నికాన్ ఎఫ్ | 46.5 | ఎడాప్టర్‌తో సరే | నేరుగా బిగుస్తుంది | సరే |
| ఎం42, పెంటాక్స్ కె | 45.46 | ఎడాప్టర్‌తో సరే | ఇన్ఫినిటీ రాదు | సరే |
| మినోల్టా ఎస్ఆర్ | 43.5 | ఇన్ఫినిటీ రాదు | ఇన్ఫినిటీ రాదు | సరే |
| కానన్ ఎఫ్‌డి | 42 | ఇన్ఫినిటీ రాదు | ఇన్ఫినిటీ రాదు | సరే |

నికాన్ జడ్‌లో ఈ దూరం 16 మి.మీ., ఫ్యూజీ ఎక్స్‌లో 17.7, సోనీ ఈలో 18, కానన్ ఆర్ఎఫ్‌లో 20. అందుకే మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) ఉన్నవారికి పై పట్టికలో అడ్డే లేదు. నికాన్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉన్న కెమెరా) ఉన్నవారు మాత్రం ఎం42 మౌంటువైన హీలియోస్, టకుమార్‌ల ఆశ ఇక్కడే వదులుకుని, నికాన్ సొంత లెన్స్ అయిన నిక్కార్ దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. కానన్ డీఎస్ఎల్ఆర్ వారికి ఒక హెచ్చరిక: కొన్ని ఫుల్‌ఫ్రేమ్ (ఫిల్మ్ ఫ్రేము అంత పెద్ద సెన్సర్ ఉన్న) బాడీలలో టకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4 వెనుక భాగం ఇన్ఫినిటీ దగ్గర కెమెరా లోపలి అద్దానికి తగులుతుంది.

ఏపీఎస్-సీ, మైక్రో ఫోర్ థర్డ్స్ వంటి చిన్న సెన్సర్ కెమెరాలో కోణం ఇరుకవుతుంది. 50 మి.మీ. లెన్స్ ఏపీఎస్-సీ మీద సుమారు 75 మి.మీ. లాగా చూస్తుంది, కానన్‌లో అయితే 80, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 100. ముఖాల ఫోటోలకు ఇది వరమే. చంద్రగిరి రాజమహల్‌ను ఎదురుగా నిలబడి మొత్తం ఫ్రేములోకి తెచ్చుకోవాలంటే పనికిరాదు. ఏపీఎస్-సీకి సరిపడే చవకైన పాత వైడ్ లెన్స్ దాదాపు లేదనే చెప్పాలి. కాబట్టి కెమెరాతో వచ్చిన కిట్ జూమ్‌ను అమ్మేయకండి.

మన ఎండ, మన వాన

ఈ లెన్స్‌ల గురించి రాసే వ్యాసాలు ఎక్కువగా చలిదేశాల నుంచి వస్తాయి. అక్కడి సలహాలు మనకు సగమే పనికొస్తాయి.

మే నెలలో గంగమ్మ జాతర పట్టపగలు. ఐఎస్ఓ 100 దగ్గర ఎఫ్/16 పెడితే సెకనులో నూరో వంతు షట్టర్ సరిపోయే ఎండ. అదే ఎండలో ఎఫ్/2కు తెరిస్తే వెలుతురు 64 రెట్లు పెరిగి, షట్టర్ 1/6400 దాకా వెళ్లాలి. చాలా కెమెరాల మెకానికల్ షట్టర్ 1/4000 దగ్గర ఆగిపోతుంది. ఎలక్ట్రానిక్ షట్టర్ ఉన్నవారు బయటపడతారు. లేనివారు వెలుతురును ఎనిమిదో వంతుకు తగ్గించే ఒక ఎన్‌డీ8 ఫిల్టర్ తీసుకుంటే షట్టర్ 1/800కి దిగుతుంది. హీలియోస్ 44-2కూ, 50 మి.మీ. ప్రాంతపు టకుమార్‌లకూ ఫిల్టర్ కొలత ఒకటే, 49 మి.మీ. నిక్కార్లలో చాలావాటికి 52. ఆన్‌లైన్‌లో లెన్స్ వెతుకుతున్నప్పుడే ఈ లెక్క వేసుకుంటే ఫిల్టర్‌కు రెండుసార్లు డబ్బు పెట్టనక్కరలేదు.

రెండోది వాన. మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పటి వరదను తిరుపతి ఇంకా మరచిపోలేదు. ఆ నెలల్లో బీరువాలో, ముఖ్యంగా తోలు కవరులో పెట్టిన లెన్స్‌కు ఫంగస్ పట్టడం ఖాయమనుకోండి. లోపలి అద్దం మీద సాలెగూడు పోగుల్లా మొదలై, ముదిరితే పైపూతను తినేస్తుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకుంటే చాలు. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.

మూడోది వేడి. వేసవిలో కారులో వదిలేసిన లెన్స్‌లో గ్రీజు పలచబడి, నూనె ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) బ్లేడ్ల మీదికి పాకుతుంది. స్ప్రింగుతో తెరిచి మూసే లెన్స్‌లలో ఇది పెద్ద సమస్య. చేత్తో తిప్పే ప్రీసెట్ ఎపర్చర్ లెన్స్‌లలో అంత కాదు.

హీలియోస్ 44-2, 58 మి.మీ. ఎఫ్/2

జర్మనీ జైస్ కంపెనీ బయోటార్ నమూనాను పట్టుకుని సోవియట్ యూనియన్‌లో తయారైన లెన్స్ ఇది. జెనిట్ కెమెరాలతో లక్షల కొద్దీ వచ్చింది కాబట్టి ఇప్పటికీ చౌకే. పేరు తెచ్చినది దాని బ్యాక్‌గ్రౌండ్ సుడి. మధ్యలో మనిషి, చుట్టూ ఆకులు గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపిస్తాయి.

ఆ సుడి అన్నిచోట్లా రాదు. మనిషి దగ్గరగా ఉండాలి, వెనుక కొంత దూరంలో ఆకుల సందుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా పడుతూ ఉండాలి. తలకోన అడవి దారిలో ఉదయం పూట బ్రహ్మాండంగా వస్తుంది. వేపచెట్టు కింద వస్తుంది. ఫుల్‌ఫ్రేమ్‌లో వచ్చినంత ఏపీఎస్-సీలో రాదు, ఎందుకంటే సుడి ఉండేది అంచుల్లోనే, చిన్న సెన్సర్ ఆ అంచులను కత్తిరించేస్తుంది. గోడ ముందు నిలబెట్టి తీస్తే ఏమీ లేదు. జాతర గుంపులో అయితే వెనుక ఉన్న ముఖాలే మెలితిరిగి కళ్లు తిరుగుతాయి. నా దృష్టిలో హీలియోస్ చింతపండు లాంటిది, పులిహోరకు తప్పనిసరి, పరమాన్నంలో వేసుకోలేం. ఒకే లెన్స్ కొనగలిగేవారు దీన్ని మొదటి లెన్స్‌గా కొనడం నాకు నచ్చదు.

దీని అసలు మేలు ఎవరూ పెద్దగా చెప్పరు. ఎపర్చర్‌కు రెండు రింగులుంటాయి. ఒకదానితో హద్దు పెట్టుకుని, రెండోదానితో పూర్తిగా తెరిచి ఫోకస్ చేసి, చూడకుండానే హద్దు దాకా మూసేయవచ్చు. డిజిటల్ మీద ఇంత సుఖమైన ఏర్పాటు మరో లెన్స్‌లో చూడలేదు. పైగా మన వేడికి బ్లేడ్లు నూనెపట్టినా పని ఆగదు. దీని తరువాత వచ్చిన 44ఎం వరుసలో మాత్రం వెనుక ఒక పిన్ను ఉంటుంది. ఆ పిన్నును నొక్కిపట్టే అంచు ఉన్న ఎడాప్టర్ లేకపోతే కొన్ని రకాల్లో బ్లేడ్లు మూసుకోనే మూసుకోవు.

ఎదురు వెలుతురులో హీలియోస్ తేలిపోతుంది. సాయంత్రం గోవిందరాజస్వామి గోపురం దీపాలు తీయడానికి దీన్ని తీసుకెళ్లకండి.

టకుమార్: 55 మి.మీ. ఎఫ్/1.8, 50 మి.మీ. ఎఫ్/1.4

జపాన్‌లో అసాహి పెంటాక్స్ తయారుచేసినవి. ఫోకస్ రింగు తిప్పిన వెంటనే డబ్బు ఎక్కడికి పోయిందో తెలుస్తుంది. ఎం42 లెన్స్‌లలో నిర్మాణపరంగా వీటికి సాటి తక్కువ. 1971 నుంచి వచ్చిన సూపర్ మల్టీ కోటెడ్ రకాలు ఎదురు వెలుతురును హీలియోస్ కంటే ఎంతో బాగా తట్టుకుంటాయి. గుడి బయట దీపాలు, పెళ్లి మండపం బల్బులు, రాత్రి బజారు తీసేవారు తప్పకుండా ఈ పూత ఉన్నదే చూసుకోవాలి.

ఎఫ్/1.4లో ఒక మెలిక ఉంది. ఏడు అద్దాల రకంలో ఒక అద్దాన్ని థోరియం కలిపిన గాజుతో చేశారు. అది స్వల్పంగా రేడియోధార్మికం. మామూలుగా వాడుకుంటే బెంగపడవలసింది లేదు. విప్పి అద్దాన్ని గీకడం, అరగదీయడం మాత్రం చేయకూడదు. అసలు ఇబ్బంది రంగు: ఏళ్లు గడిచేకొద్దీ ఆ గాజు టీ రంగుకు తిరుగుతుంది. వైట్ బ్యాలెన్స్‌తో చాలావరకు సరిదిద్దవచ్చు, కానీ వెలుతురు కొంత తగ్గుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ తీసేవారైతే ఇంకా జాగ్రత్తపడాలి. కరక్కాయ నీళ్లలో ముంచిన బట్టకు సహజంగానే లేత పసుపు ఉంటుంది, దానిమీద లెన్స్ పసుపు కూడా చేరితే ఏది దేనిదో తేల్చుకోలేరు.

ఈ పసుపును అతినీలలోహిత కాంతి తగ్గిస్తుంది. ఎండలో పెడితే కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. మేలో మేడమీద పెట్టారంటే గ్రీజు కరిగి ఇంకో రోగం తెచ్చుకుంటారు. వానలు వెళ్లాక, జనవరి ఎండ చాలు. వెనుకవైపు అల్యూమినియం రేకు చుట్టి, దగ్గర కాగితం, బట్ట లేకుండా చూసుకోవాలి. లెన్స్ భూతద్దం కూడా అని మరవకండి.

రెండింటిలో నా ఓటు 55 మి.మీ. ఎఫ్/1.8కే. ధర తక్కువ, ఎండలో ఆ 1.4 ఎలాగూ వాడలేం, తెరిచి వాడినప్పుడు ఫోకస్ తప్పే అవకాశమూ తక్కువ. రాత్రిపూట ఎక్కువ తీసేవారికి మాత్రమే 1.4.

నిక్కార్ ఏఐ, ఏఐ-ఎస్

మన ప్రాంతంలో ఎక్కువమందికి సరైన జవాబు ఇదే. నికాన్ ఎఫ్ మౌంటు 1959 నుంచి ఉంది. ఎఫ్ఎం2, ఎఫ్ఎం10 కెమెరాలు స్టూడియోల్లో బాగా తిరిగాయి కాబట్టి లెన్స్‌లు స్థానికంగా చేత్తో పట్టుకుని చూసి కొనవచ్చు. బాగుచేసేవారూ దొరుకుతారు.

అయితే ఏ నికాన్ బాడీ అన్నది చూసుకోవాలి. లెన్స్ మీద పెట్టిన ఎపర్చర్‌ను బాడీలోని చిన్న లివరు ద్వారా కెమెరాకు తెలిపే ఏఐ పద్ధతి 1977లో వచ్చింది. డీ7000, డీ7100, డీ7200, డీ610, డీ750 వంటి బాడీలు ఏఐ లెన్స్ ఎపర్చర్‌ను చదివి వెలుతురు కొలుస్తాయి. డీ3000, డీ5000 వరుసలలో లెన్స్ బిగుస్తుంది కానీ మీటరు పనిచేయదు. అంచనాతో తీసి, తెర మీద చూసి సరిచేసుకోవాలి. డీ7500 కూడా అంతే. పేరులో 7000 వరుస కనిపించినా, ఏఐ లివరును అందులో తీసేశారు. 1977 కంటే ముందు వచ్చిన, మార్పుచేయని లెన్స్‌ను ఏఐ లివరు ఉన్న బాడీలకు బిగిస్తే ఆ లివరే దెబ్బతినవచ్చు.

50 మి.మీ. ఎఫ్/1.8 చిన్నది, పదునైనది, ప్రత్యేకమైన రుచి ఏదీ లేనిది. ఆ చివరి మాటను నింద అనుకోకండి. 28 మి.మీ. ఎఫ్/2.8 ఏఐ-ఎస్ వేరే కథ. 20 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్లగలదు, ఏపీఎస్-సీ మీద 42 మి.మీ. లాగా చూస్తుంది. చిత్తూరు మామిడి మండీలో తోతాపురి కాయల కుప్పనూ, దాని వెనుక నిలబడ్డ రైతునూ ఒకే ఫ్రేములో పట్టుకోవడానికి ఇంతకంటే మంచి పాత లెన్స్ నాకు తెలియదు.

కానీ వీటన్నిటిలో నాకు ప్రీతిపాత్రమైనది 55 మి.మీ. మైక్రో నిక్కార్. ఎఫ్/3.5, ఎఫ్/2.8 అని రెండు రకాలున్నాయి. వస్తువు అసలు పరిమాణంలో సగం దాకా సెన్సర్ మీద పడుతుంది. బల్లపరుపు వస్తువును మధ్య నుంచి మూల దాకా ఒకే పదునుతో చూపిస్తుంది. కలంకారీ కలం గీత ఎక్కడ ఒత్తి గీశారో, ఎక్కడ తేలిపోయిందో, మాధవమాల కొయ్యబొమ్మ మీద ఉలి అంచు ఎలా జారిందో ఇందులో కనిపిస్తుంది. కదలని వస్తువులకు ఆటోఫోకస్ అవసరమే లేదు, కాబట్టి మాన్యువల్ అన్న లోటు ఇక్కడ లోటు కాదు. ఎఫ్/2.8 రకంలో బ్లేడ్లకు నూనె పట్టడం, ఫోకస్ రింగు బిగుసుకుపోవడం బాగా తెలిసిన జబ్బులు. మన వేడికి ఎఫ్/3.5 రకమే మేలు.

కానన్, మినోల్టా వంటి కంపెనీల లెన్స్‌లకు అలవాటుపడినవారికి ఒక చిన్న చికాకు: నిక్కార్ ఫోకస్ రింగు ఎదురు దిశలో తిరుగుతుంది.

రొక్కార్, కానన్ ఎఫ్‌డి

మినోల్టా రొక్కార్లు, కానన్ ఎఫ్‌డి లెన్స్‌లు గుణంలో ఎవరికీ తీసిపోవు. డీఎస్ఎల్ఆర్‌ల మీద పనికిరాకపోవడంతో చాలాకాలం అగ్గువకు దొరికాయి. మిర్రర్‌లెస్ వచ్చాక ఆ రోజులు పోయాయి. మిర్రర్‌లెస్ ఉండి, మంచి కాపీ సరసమైన ధరకు కనిపిస్తే కొనండి. ఎఫ్‌డికి ఎడాప్టర్ మీద ఒక రింగు ఉంటుంది, దాన్ని తిప్పకపోతే ఎపర్చర్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. లెన్స్ చెడిపోయిందని కంగారుపడేవారిలో కొందరి సమస్య ఇదే.

అసలు పాతదే ఎందుకు?

మీది మిర్రర్‌లెస్ అయితే, టీటీఆర్టిజన్, 7ఆర్టిజన్స్ వంటి చైనా కంపెనీలు మీ మౌంటుకే కొత్త మాన్యువల్ లెన్స్‌లు చేస్తున్నాయి. ఫంగస్ భయం లేదు, ఎడాప్టర్ అక్కర్లేదు, ఏపీఎస్-సీకి తగిన 25, 35 మి.మీ. కొలతలు దొరుకుతాయి. ఊళ్లో తెలిసిన రిపేరు మనిషి లేనివారు, ఆన్‌లైన్‌లో ఫోటో చూసి మాత్రమే కొనగలిగేవారు ఈ వైపు చూడడం తెలివైన పని. పాత లెన్స్‌కున్న చరిత్ర, పనితనం వీటిలో ఉండవు. అవి మీకు ముఖ్యమా కాదా అన్నది మీకే తెలియాలి.

చేతికి వచ్చాక చూడవలసినవి

ఫోన్ టార్చిని లెన్స్ వెనుక నుంచి వేసి ముందు నుంచి చూడండి. దుమ్ము రేణువులు పరవాలేదు. పోగులు, మబ్బుతెర ఉంటే వదిలేయండి. ముందు అద్దం మీద సన్నని గీత వల్ల ఫోటోలో దాదాపు ఏమీ తెలియదు. వెనుక అద్దం మీద గీత అయితే తెలుస్తుంది. ఎపర్చర్‌ను చివరి నుంచి చివరికి తిప్పి బ్లేడ్ల మీద తడి మెరుపు ఉందేమో గమనించండి. ఫోకస్ రింగు గట్టిగా ఉంటే సర్వీసు ఖర్చును కూడా ధరలో కలుపుకోండి. కొన్నిసార్లు అది లెన్స్ ధరను మించుతుంది.

మిర్రర్‌లెస్ కెమెరాలో మూడు సెట్టింగులు: లెన్స్ లేకపోయినా షట్టర్ పడేలా అనుమతి ఇవ్వాలి, పదునైన అంచులకు రంగు వేసి చూపే ఫోకస్ పీకింగ్ పెట్టుకోవాలి, బాడీలో చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ ఉంటే లెన్స్ మీద రాసి ఉన్న అసలు మిల్లీమీటర్లనే అందులో వేయాలి. హీలియోస్‌కు 58 అని, 87 అని కాదు. పీకింగ్ రంగును నమ్ముకుని ఎఫ్/2 దగ్గర కన్ను మీద ఫోకస్ చేస్తే కనుబొమ్మ పదునుగా వస్తుంది. దగ్గరి ముఖాలకు తెరను పెద్దది చేసి చూడడమే దారి.

ఎవరికి ఏది

కానన్ డీఎస్ఎల్ఆర్ ఉన్న విద్యార్థి: టకుమార్ 55 ఎఫ్/1.8. దొరకకపోతే నిక్కార్ 50.

నికాన్ డీఎస్ఎల్ఆర్ వారు: మీటరు పనిచేసే బాడీ అయితే ఏ ఏఐ నిక్కార్ అయినా. డీ3000, డీ5000 వరుసల వారు కదలని వస్తువులు తీసేవారైతేనే మైక్రో 55. లేదంటే ఆ డబ్బు దాచుకోండి.

మిర్రర్‌లెస్ ఉండి, ఇంటివాళ్ల ముఖాలు ఎక్కువగా తీసేవారు: మొదట టకుమార్, తరువాత సరదాకు హీలియోస్.

గంగమ్మ జాతర తీసేవారు: బైరాగి వేషం తెల్లని పూత, బండ వేషం కుంకుమ, తోటి వేషం బొగ్గు, ఒక్కో వేషానికీ వెలుతురు లెక్క వేరు. ఆగి నిలబడి చూసే ముఖానికి టకుమార్ సరే. నడుస్తున్న గుంపుకు 28 మి.మీ. నిక్కార్‌ను ఎఫ్/8 దగ్గర, ఫోకస్‌ను మూడు మీటర్ల దగ్గర పెట్టుకుంటే, ముందూ వెనుకా చాలినంత మేర పదునుగా వస్తుంది. మనిషి ఆ పరిధిలోకి రాగానే బటన్ నొక్కడమే, ఆటోఫోకస్ కంటే వేగం.

పెళ్లిళ్లు తీసి డబ్బు తీసుకునేవారు: తలంబ్రాలు రెండోసారి పోయించలేరు కాబట్టి ప్రధాన కెమెరాకు ఆటోఫోకస్ లెన్సే. నగలు, పూలజడ, మెహందీ తీయడానికి రెండో బాడీ మీద మైక్రో 55 పెట్టుకోవచ్చు.

నేలపట్టు, పులికాట్ పక్షుల కోసం 300 మి.మీ. పాత మాన్యువల్ లెన్స్ చౌకగా వస్తోందని అడిగేవారు చాలామంది ఉన్నారు. చెట్టు మీద గూట్లో కూర్చున్న గూడబాతుకు సరిపోతుంది. ఎగిరే ఫ్లెమింగోకు సరిపోదు, ఎంత సాధన చేసినా పది ఫ్రేముల్లో తొమ్మిది మసకే. ఆ ఒక్కరోజుకు ఆటోఫోకస్ టెలిజూమ్ అద్దెకు తీసుకోండి.